కార్డు ఇచ్చారు సరే, తోడు ఎవరిస్తారు?

సంపాదకుల వారికి,

మాది ఒడిశాలోని గుణుపూర్, మందుల షాపు. పుట్టాసింగ్ వైపు కొండల మీద నుంచి సంతకి దిగే సవర ఆడవాళ్లు నోటిపుండుకి పూతమందు అడుగుతారు. ఇస్తాం. మళ్లీ వచ్చి అదే అడిగితే ఇస్తాం. మూడోసారికి అనుమానం వచ్చి నోరు తెరవమంటే, రెండు వేళ్లు దూరేంత కూడా తెరుచుకోదు, సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే బుగ్గ లోపల తెల్ల మచ్చ, దాని పక్కన గట్టిపడిన పుండు, నోటి క్యాన్సరేమోనని భయం వేసేలా. గుడాకుతో, అంటే పొగాకు ముద్దతో పళ్లు తోమడం, ఖైనీ పెట్టుకోవడం ఇక్కడ చిన్నప్పటి నుంచే. 2016-17లో పొగాకు వాడకం మీద చేసిన గాట్స్ సర్వేలో దేశం మొత్తం మీద పొగాకు వాడే పెద్దవాళ్లు 28.6 శాతం అయితే మా ఒడిశాలో 45.6 శాతం.

ఇది చెప్పగానే "ఆదివాసులకు అవగాహన లేదండీ" అనేస్తారు. శ్రీకాకుళం తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఆదివాసులా? అలవాటు అందరిదీనూ. తేడా అల్లా, పుండు వచ్చిన తర్వాత ఎవరికి దారి దొరుకుతుందన్నదే.

డబ్బు కథ కొంత మారింది, కాదనను. 2025లో ఒడిశా కూడా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, ఆ కార్డు పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో పక్క రాష్ట్రంలో కూడా చెల్లుతుంది. మాకు కటక్ క్యాన్సర్ ఆసుపత్రి కంటే విశాఖ చాలా దగ్గర. అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మల్కన్‌గిరి వాళ్లయితే భువనేశ్వర్ వెళ్లాలన్నా 600 కిలోమీటర్ల పైమాటే, వాళ్లు ఎటు చూడాలి? రోగం సరిహద్దు చూసి రాదు గానీ వైద్యం మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోతోంది.

ఎలా ఆగుతుందో చెబుతా. మా షాపుకి వచ్చే ఒకామెకు బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. భర్తకు ఒడియా అంతంతమాత్రం, తెలుగు అసలు రాదు. పెద్ద ఊరి ఆసుపత్రిలో కార్డు కౌంటర్ దగ్గర వేలు పెడితే వేలిముద్ర పడలేదు, పోడు చేసి అరిగిపోయిన వేళ్లు మరి. రేపు రండి అన్నారు. రేపంటే ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, ఎవరూ చెప్పలేదు, ఆయనకు అడగడమూ చేతకాలేదు. ఆసుపత్రి పేరు నేను రాయను, ఎందుకంటే ఏ ఆసుపత్రిలో అయినా ఇదే జరిగేది. ఇద్దరూ బండెక్కి వచ్చేశారు. నెలన్నర పోయాక మళ్లీ పూతమందుకి వచ్చారు.

నోటి క్యాన్సర్‌కి కరెంటు, అంటే రేడియేషన్ పెట్టాలంటే వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు. అన్ని రోజులు ఇంట్లో పిల్లల్ని, పోడుని, మేకల్ని ఎవరు చూస్తారు? తోడు వచ్చినవాడి కూలి పోతే ఇల్లు గడిచేదెలా? వైద్యం ఉచితం, నిజమే, మరి అన్నం? మధ్యలో మానేశారని ఫైల్లో రాసుకుంటారు తప్ప ఎందుకు మానేశారో ఏ కాగితంలోనూ ఉండదు. ఈ సందులోనే దళారులు దూరుతున్నారు, వెంట వెళ్లి మాట్లాడిపెడతామని మేకల్ని అమ్మించేవాళ్లని చూశాం. ఇంకో సంగతి, చికిత్సకి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం రాయితీ. ఆసుపత్రి వాళ్లు ఫారం మీద సంతకం చేసి ఇస్తే చాలు. ఆ ఫారం పట్టుకుని స్టేషన్‌కి వెళ్లిన సవర మనిషిని నేనింతవరకు చూడలేదు.

నేను అడిగేది కొత్త ఆసుపత్రి కాదు. సవర, కోదు భాషలు వచ్చిన చదువుకున్న పిల్లలు ఇటు గుణుపూర్‌లోనూ ఉన్నారు, అటు సీతంపేట ఏజెన్సీలోనూ ఉన్నారు, ఉద్యోగాల్లేక ఖాళీగా తిరుగుతున్నారు. వాళ్లని జీతం ఇచ్చి పెట్టండి. ఒకరిద్దరు విశాఖ ఆసుపత్రి గేటు దగ్గరే ఉండాలి, కార్డు పని, రైలు ఫారం, స్కాన్ ఎప్పుడు, ఈ మందు ఎందుకు, అన్నీ వాళ్లే చెప్పాలి. రోగికీ తోడుకీ బస, భోజనం, ఆ రోజుల కూలి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నిధుల నుంచి ఇవ్వాలి, ఎన్ని పనికిరాని బోర్డులకి ఖర్చు పెట్టడం లేదు!

30 దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయాలని జాతీయ కార్యక్రమంలోనే ఉంది. సబ్‌సెంటర్‌కి రమ్మంటే కొండ దిగి ఎవరూ రారు, సంత రోజున సంతలోనే ఒక గది, ఒక నర్సమ్మ, ఒక టార్చిలైటు ఉంటే నోరు చూడ్డానికి అయిదు నిమిషాలు పట్టదు. గర్భాశయ పరీక్షకి మాత్రం తలుపున్న గది, ఆడమనిషి తప్పనిసరి.

రాయగడ, గజపతి, పార్వతీపురం మన్యం కలెక్టర్లు ముగ్గురూ ఒక్క పూట కూర్చుంటే తేలిపోయే పని ఇది. ఆ మీటింగుకి మా ఆశా దీదీలను కూడా పిలవమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

— మందుల షాపు యజమాని, గుణుపూర్, రాయగడ జిల్లా