పోటు వేళ చూసుకుని బడి బస్సు కదిలింది

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి లేఖలో అర్ధసంవత్సర పరీక్షల గురించి రాయాలి. మార్కులు ఎలాగూ ప్రోగ్రెస్ కార్డులో మీ ఇంటికే వస్తాయి కాబట్టి కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి గురించి, అంటే ఉప్పునీళ్ల బురదలో పెరిగే అడవి గురించి, రాస్తున్నాను. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని మడ అడవికి తీసుకెళ్లి వచ్చాక చాలామంది ఫోన్ చేశారు. సగం మంది యూనిఫాం మీద బురద ఎలా పోతుందని అడిగారు. మిగతా సగం "మావాడు ఇంటికొచ్చి ఆకు నాకితే ఉప్పగా ఉందంటున్నాడు, నిజమేనా మేడమ్?" అన్నారు. నిజమే. బురద సంగతి తర్వాత చెప్తాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. పోయినేడాది కూడా వెళ్లాం, గుర్తుందిగా. అప్పుడు బడి గంటల లెక్కన ప్లాన్ చేశాను. పొద్దున నాలుగు పీరియడ్లు, భోజనాలు, తర్వాత బస్సు. రెండున్నరకి అక్కడ దిగాం. ఆరోజు పున్నమి. నీళ్లు బాగా దిగిపోయి కాలువలో పడవ కదిలే దారి లేదు. అరవై మంది పిల్లలు, పడవ ఎక్కుతామని వారం నుంచి ఎదురు చూసినవాళ్లు, ఒడ్డున నిలబడి బురద వంక చూశారు. పడవ నడిపే ఆయన నవ్వి, "తిథి చూసుకుని రావాలి కదమ్మా, బెల్లు చూసుకుని వస్తే ఎలా?" అన్నాడు. సైన్సు టీచరుగా ఇరవై ఏళ్లు ఆటుపోట్ల పాఠం చెప్పిన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో మీరే ఊహించుకోండి.

అందుకే ఈసారి తేదీ నేను కాదు, పిల్లలే నిర్ణయించారు. నీళ్లు ఎక్కితే పోటు, దిగితే పాటు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అంటే ఇవాళ్టి పోటు రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, అష్టమి చుట్టుపక్కల చిన్నది. ఎనిమిదో తరగతి వాళ్లు క్యాలెండరు ముందేసుకుని, పున్నమి రోజు మధ్యాహ్నం పాటు ఉందంటే పొద్దున ఎనిమిదికి పాటు ఏ తేదీన వస్తుందని లెక్క కట్టారు. ఆ తర్వాత వేటకెళ్లే తాతగారు ఉన్న ఒక అబ్బాయి ఇంటికెళ్లి సరిచూసుకుని వచ్చాడు. తాతగారు కాగితం లేకుండా అదే తేదీ చెప్పారట. నాకు ఆ పూట క్లాసులో చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఆ లెక్క ప్రకారం పొద్దున ఆరున్నరకి బస్సు బయలుదేరింది. పాటు వేళ చెక్క వంతెన మీద నడిచాం, నీళ్లు ఎక్కాక మధ్యాహ్నం పడవ. ఈ వరస ముఖ్యం. నీళ్లు దిగినప్పుడే అడవి కింది అంతస్తు కనిపిస్తుంది. బురదలోంచి పెన్సిళ్లు నిలబెట్టినట్టు వేలాది వేర్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు వేళ్లే పైకి వచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. మడ ఆకు మీద తెల్లగా పేరుకునేది ఉప్పే, చెట్టు తనకి అక్కర్లేనిది బయటికి నెట్టేస్తుంది. పిల్లలు నాకింది దాన్నే. ఉప్పుపొన్న చెట్టు ఇంకా విచిత్రం. విత్తనం కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి, మునక్కాడలా వేలాడి, అప్పుడు కిందికి జారుతుంది. తిల్ల చెట్టు దగ్గర మాత్రం గైడు ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. దాని పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది.

బురదలో గెంతే చేపల దగ్గర అరగంట గడిచిపోయింది. మడ్‌స్కిప్పర్ అంటారు, తడి చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది, అందుకే నీళ్లు లేకపోయినా కంగారు పడదు. ఒక్క డెక్క మాత్రమే పెద్దగా ఉన్న మగ పీతలు దాన్ని ఊపుతుంటే, "మేడమ్, మనకి టాటా చెప్తున్నాయి" అంది ఒక పాప. ఆడ పీతల కోసం ఊపుతున్నాయని గైడు చెప్పగానే వెనక వరసలో పెద్ద నవ్వు. ఎనిమిదో తరగతి కదా.

బావురు పిల్లి కనపడలేదు. అది రాత్రిపూట చేపలు పట్టే పిల్లి, పగలు దొరకదని ముందే చెప్పినా ఒకడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బురదలో అడుగుల గుర్తులు మాత్రం చూశాం. మామూలు పిల్లిలా గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి గోటి గుర్తు కూడా పడుతుంది. తిరుగు ప్రయాణంలో వాడే మిగతావాళ్లకి ఆ పాఠం చెప్పాడు.

ఒక తండ్రిగారు అడిగారు: ఇంత దూరం వెళ్లి శాంక్చురీ చూపించడమెందుకు, నేషనల్ పార్కే చూపించవచ్చు కదా అని. మన రాష్ట్రంలో జాతీయ పార్కులు మూడే, ఒక్కటీ సముద్రం ఒడ్డున లేదు. తీరంలో జాతీయ పార్కు కావాలంటే ఒడిశాలో భితర్‌కనిక దాకానో, తమిళనాడులో మన్నార్ సింధుశాఖ దాకానో పోవాలి. కోరింగ 1978 నుంచి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్ల పైమాటే, కాకినాడ నుంచి గంట కూడా పట్టదు. పేరులో పార్కు లేకపోతే మొసలికీ ఉల్లంకి పిట్టకీ తేడా ఏముంది?

ఇంకో కారణం కూడా ఉంది. కోరింగ ఊరు 1789లో, 1839లో ఉప్పెనలకి తుడిచిపెట్టుకుపోయిన రేవు. ఇక్కణ్ణించి ఓడలెక్కిన మనవాళ్లని బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, కొబ్బరి చెట్లు ఎలా విరిగాయో. గాలిని మడ అడవి ఆపలేదు. అలల ఉరవడిని మాత్రం విరుస్తుంది. పిల్లలకి ఇది పుస్తకంలో చెప్తే మార్కుల కోసం గుర్తుంటుంది. మీరు ఆ రాత్రి సంగతి ఇంట్లో ఒకసారి చెప్పండి.

ఇక ముందున్న పనులు. జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది, 1987 నుంచి ఏటా. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక ఆదివారం మన చెరువు దగ్గర మేమూ లెక్కపెడతాం. బైనాక్యులర్ ఉన్నవాళ్లు ఎరువివ్వండి, బడిలో రెండే ఉన్నాయి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు బడి ఆవరణలోనే పక్షుల లెక్క. పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చుని చూసినవీ, విన్నవీ రాయాలి. కాకులు కూడా లెక్కే. పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోవడం మీ ఇంట్లో సాధ్యమేనా అని ఇప్పుడే పరీక్షించుకోవచ్చు.

ఆ తర్వాత తాబేళ్లు. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు కాకినాడకి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ దీవి మీదా, మన తీరం పొడవునా గుడ్లు పెడతాయి, ఒక్కొక్కటీ వంద దాకా. అటవీ శాఖవాళ్లు గుడ్లు సేకరించి హేచరీలో పెట్టి, పిల్లలు వచ్చాక సముద్రంలో వదులుతారు. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి. కబురు అందితే తెల్లవారుజామున ముప్పై మందిని తీసుకెళ్తాం. వచ్చే తల్లిదండ్రులకి ఒక్కటే షరతు: ఫోన్ ఫ్లాష్ వెయ్యకూడదు. వెలుతురు చూస్తే తాబేలు పిల్లలు సముద్రం వైపు కాకుండా మీ వైపు నడుస్తాయి. చేత్తో ఎత్తి సెల్ఫీలు కూడా వద్దు.

చివరిగా బురద. ఆరనిచ్చి, దులిపి, అప్పుడు చన్నీళ్లలో నానబెట్టండి. తడి మీద రుద్దితే మరక ఇంకుతుంది. ఈసారి నుంచి తెల్ల యూనిఫాం కాకుండా పాత బట్టలు వేసి పంపండి. చిప్స్ పాకెట్లు వద్దు. పులిహోర డబ్బాలో పెట్టండి, మంచినీళ్లు స్టీలు సీసాలో. పోయినసారి వంతెన కింద పీతల పక్కనుంచి మేం ఏరిన కవర్లు ఒక సంచి నిండాయి, అందులో మనవి కూడా ఉన్నాయి.

పక్షుల లెక్కింపుకి వచ్చేవాళ్లు పేర్లు డైరీలో రాసి సోమవారం లోపు పంపండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు