పెద్ద ఓడ ఎక్కే ముందు

సింగపూర్

నాన్నగారికి, అమ్మకి,

ఇక్కడ అందరం కులాసా. పెద్దనాన్నగారు, పెద్దమ్మ కూడా మీతో ఈ ఓడ ప్రయాణానికి వస్తున్నారు కాబట్టి ఈ ఉత్తరం నలుగురూ చదవండి. ప్రింటు తీసి పాస్‌పోర్టుల కవర్లో పెట్టుకోండి.

ఇంత పెద్ద ఓడా అని అమ్మ భయపడుతోందని తెలిసింది. ఓడ గురించి బెంగ అక్కర్లేదు, జాగ్రత్తంతా ఎక్కేదాకానే. బీచ్ స్టేషన్ దగ్గర మన చెన్నై హార్బర్‌లో అయితే ఏదైనా మర్చిపోతే ఆటోలో ఇంటికెళ్ళి తెచ్చుకోవచ్చు. ఊరుకాని ఊళ్ళో ఆ వీలుండదు, ఓడ ఎవరి కోసమూ ఆగదు.

మొదట వీసా తెరిచి అందులో ‘మల్టిపుల్’ అని ఉందో లేదో చూడండి. ఇక్కడి చాంగి విమానాశ్రయంలో దిగడం మీ మొదటి రాక. ఓడ ఎక్కేటప్పుడు ఇమిగ్రేషన్‌లో దేశం విడిచినట్టు లెక్క. మలేషియాలో పెనాంగ్, థాయ్‌లాండ్‌లో ఫుకెట్ చూసి తిరిగొచ్చి దిగడం రెండో రాక. వీసా ఒక్క రాకకే అయితే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, ఓడ టికెట్టు డబ్బూ పోయినట్టే. పాస్‌పోర్టులకు ప్రయాణం నాటికి ఇంకా 6 నెలల పైన గడువుండాలి. పెద్దమ్మది తప్పకుండా చూడండి.

వీసా కాక ఎస్‌జీ అరైవల్ కార్డు వేరే ఉంది. అది ఆన్‌లైన్‌లో నింపేది, పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగిందంటే అది సర్కారు సైటు కాదు. దిగే రోజుతో కలిపి 3 రోజుల లోపలే నింపనిస్తారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మీరు సోమవారం ఓడ ఎక్కి శుక్రవారం దిగుతారు కాబట్టి తిరుగు రాక కార్డు బుధవారం దాకా నింపడానికి కుదరదు, ఆ రోజు మీరు ఫుకెట్‌లో ఉంటారు. నలుగురివీ ఆ రోజు నేనే నింపుతాను. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటోలు ఇప్పుడే పంపండి. మలేషియా, థాయ్‌లాండ్ ఫారాల సంగతి ఓడ కంపెనీ మెయిల్‌లో వస్తుంది. ఆ నిబంధనలు తరచూ మారుతుంటాయి, మెయిల్ రాగానే నాకు పంపండి.

విమానం ఒక రోజు ముందుది తీసుకోండి. చెన్నై నుంచి నాలుగు గంటల ప్రయాణమే కదా, పొద్దున దిగి మధ్యాహ్నం ఓడ ఎక్కేస్తామని నాన్నగారు అనుకుంటారు. మీరు వచ్చేది డిసెంబరులో. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి మన విమానాశ్రయమే మూతపడింది. మా ఇంట్లో ఒక రాత్రి పడుకుని వెళ్తే ఆ బెంగ ఉండదు.

ఇక రేవు. ఇక్కడ ఓడలెక్కే చోట్లు రెండున్నాయి. హార్బర్‌ఫ్రంట్‌లో ఉన్న సింగపూర్ క్రూయిజ్ సెంటర్ పాతది. సెంటోసా దీవికి వెళ్ళే కేబుల్ కారు తీగలు అక్కడి నీళ్ళ మీదుగా పోతాయి, అందుకని మరీ ఎత్తైన ఓడలు అక్కడికి రాలేవు. పెద్ద ఓడల కోసం 2012లో మెరీనా బే క్రూయిజ్ సెంటర్ తెరిచారు. మీ ఓడ ఆగేది అక్కడ. టాక్సీలో ఊరికే ‘క్రూయిజ్ సెంటర్’ అంటే పాతదానికి తీసుకెళ్ళినా తీసుకెళ్తాడు. 61 మెరీనా కోస్టల్ డ్రైవ్ అన్న చిరునామా చూపించండి. మెరీనా బే శాండ్స్ హోటల్, మెరీనా బే మెట్రో స్టేషన్ వేరు. మెట్రోలో అయితే దిగాల్సింది మెరీనా సౌత్ పియర్, అది ఎర్ర లైనులో చివరి స్టేషను. అక్కణ్ణుంచి పది నిమిషాల నడక. నలుగురు మనుషులు, నాలుగు పెట్టెలు మామూలు టాక్సీలో పట్టవు, ఆరు సీట్లది నేను బుక్ చేస్తాను.

రేవు గుమ్మం దగ్గరే పెద్ద పెట్టెలు తీసేసుకుంటారు. అవి మీ క్యాబిన్‌కి చేరేసరికి సాయంత్రం కావచ్చు, రాత్రీ కావచ్చు. ఓడ కంపెనీ పంపే పెట్టెల చీటీలు ఇంట్లోనే ప్రింటు తీసి మడిచి, పెట్టె పిడికి చుట్టి రెండు చోట్ల స్టేప్లర్ కొట్టి, పైన వెడల్పు టేపు అంటించండి. ఒట్టి కాగితం పెట్టెల తోపులాటలో చిరిగిపోతుంది. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, బీపీ మాత్రలు, నాన్నగారి ఇన్సులిన్, కళ్ళజోళ్ళు, ఫోన్ చార్జరు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. పాస్‌పోర్టు పెద్ద పెట్టెలో ఉండిపోతే ఇమిగ్రేషన్ దగ్గర లైనంతా ఆగుతుంది, వందల పెట్టెల్లో మీది వెతకాలి. కొన్ని ప్రయాణాల్లో ఓడవాళ్ళే పాస్‌పోర్టులు తీసుకుని చివర్లో ఇస్తారు, కంగారు పడకండి. జిరాక్సులు మాత్రం దగ్గర ఉంచుకోండి.

అమ్మా, పెట్టెలో కర్పూరం, అగరొత్తులు పెట్టకు. మంట, పొగ వచ్చే ఏ వస్తువూ ఓడ మీదికి రానివ్వరు. ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కుక్కర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా తీసేసుకుంటారు. ఇంట్లో పెట్టిన ఆవకాయ కూడా ఓడ మీదికి పనికిరాదు, కొట్టులో కొన్న సీలు విప్పని పచ్చడి ప్యాకెట్లు తెచ్చుకో. నీ జాడీ మా ఇంటికి తెస్తే సంతోషం. పెద్దనాన్నగారికి ఒక మాట: జర్దా, ఖైనీ లాంటివి సింగపూర్‌లోకి తేవడమే నేరం.

2022లో మీరు మన హార్బర్‌లో ఎక్కిన ఎంప్రెస్ సుమారు 48,500 టన్నులు. ఇప్పుడు ఎక్కబోయేది క్వాంటమ్ తరగతి అనే పెద్ద రకం ఓడ, 1,68,000 పైచిలుకు. ఈ టన్నులు బరువు కాదు, ఓడ లోపలి జాగాకి కొలత. పొడవు 211 మీటర్ల నుంచి 348కి పెరుగుతుంది, అంటే పదిహేను బోగీల రైలంత. థియేటరు ముందు కొసన, భోజనశాలలు వెనక వైపున ఉంటాయి. భోంచేసి ఆట చూడాలంటే ఆ రైలు పొడవునా నడక, మళ్ళీ క్యాబిన్‌కి ఇంకో నడక. అమ్మ మోకాళ్ళకి అది ఎక్కువ. అందుకని క్యాబిన్ 7 లేదా 8వ అంతస్తులో, వెనక లిఫ్టులకు దగ్గరగా తీసుకోండి. అలలకు కిందా మీదా అయ్యేది ముందు కొస, పై అంతస్తులు. నడుమ, కింద కదలిక తక్కువ. 13వ అంతస్తు వెనక భాగం వద్దే వద్దు. దాని నెత్తి మీదే బఫే, తెల్లవారకముందే కుర్చీలు లాగే చప్పుడు మొదలవుతుంది. మలక్కా జలసంధి మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది. అయినా కడుపులో తిప్పకుండా అవోమిన్ మాత్రలు మన డాక్టరుగారిని అడిగి తెచ్చుకోండి, వాటికి నిద్ర వస్తుంది.

ఎక్కగానే మొదటి పని భోజనం కాదు, భద్రత. ఫోన్‌లోనో టీవీలోనో వీడియో చూసి, ఓడవాళ్ళు మీకిచ్చే కార్డు మీద రాసి ఉన్న మస్టర్ స్టేషన్‌కి, అంటే ఆపదలో అందరూ చేరాల్సిన చోటికి వెళ్ళి కార్డు స్కాన్ చేయించుకోండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అదే చోటికి చేరాలి. ఆ దారి ఒకసారి మెట్ల మీదుగా నడిచి చూసుకోండి, ఆపదలో లిఫ్టు ఎక్కకూడదు.

శాకాహారం సంగతి టికెట్ల ఏజెంటుతో ఇప్పుడే రాయించండి. మొదటి రాత్రి భోజనశాలలో హెడ్ వెయిటరుతో ‘ఇండియన్ వెజిటేరియన్’ అని చెబితే మర్నాటి వంట ముందే అనుకుంటారు. పచ్చిమిరపకాయలు అడిగినా ఇస్తారు. బఫేలో తెల్లన్నం, సాదా పెరుగు దొరికితే పెద్దమ్మకి దిగుల్లేదు. తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు అంటించే నోరోవైరస్ శానిటైజరుకి సరిగా లొంగదు.

ఓడ కదిలిన క్షణం నుంచి ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి. నడిసముద్రంలో ఫోను ఓడ టవరుని పట్టుకుంటే బిల్లు వేలల్లోకి పోతుంది, మన రోమింగ్ ప్యాకు అక్కడికి చాలామటుకు వర్తించదు. బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ వాడకం ఆన్ చేయించండి, ఆఫ్‌లో ఉంటే ఓడలో పెట్టే ఖర్చుల ఖాతాకి కార్డు కలవదు.

పెనాంగ్‌లో ఓడ స్వెటెన్‌హామ్ రేవుకి ఆనుకుని ఆగుతుంది. అక్కణ్ణుంచి లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్ మారియమ్మన్ గుడి నడిచే దూరమే. ఫుకెట్‌లో పెద్ద ఓడలు చాలాసార్లు దూరంగా లంగరు వేసి, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తాయి. ఓడ గడపకీ పడవకీ మధ్య జానెడు, మూరెడు ఎత్తు తేడా అలతో మారుతూ ఉంటుంది. ఓడ సిబ్బంది చెయ్యి పట్టుకుని, వాళ్ళు అడుగు వేయమన్నప్పుడే వేయాలి. కాళ్ళు సహకరించకపోతే అమ్మ ఆ రోజు ఓడలోనే ఉండటం మంచిది. అన్నిటికన్నా ముఖ్యం గడియారం. థాయ్‌లాండ్ సింగపూర్ కంటే గంట వెనక. ఓడ సింగపూర్ వేళనే పాటిస్తే, ఒడ్డు మీద ఫోను తనంతట తాను గంట వెనక్కి పోతుంది. ఫోన్‌లో నాలుగు అయ్యేసరికి ఓడలో అయిదు. దిగే ముందు గుమ్మం దగ్గర రాసిన ఓడ వేళ చూసి, నాన్నగారి చేతిగడియారం దానికి పెట్టుకోండి, ఫోను చూడకండి.

ఆఖరి రాత్రి పెట్టెలు క్యాబిన్ బయట పెట్టమంటారు. మర్నాటి బట్టలు, మందులు తీసి పక్కన పెట్టుకున్నాకే పెట్టెలు మూయండి. శుక్రవారం చెన్నై విమానం మధ్యాహ్నం రెండు దాటాకే ఉండాలి. రేవు బయట నేను నిలబడి ఉంటాను.

వీసా కాపీలు రేపే వాట్సాప్‌లో పంపండి. పెద్దమ్మది ముందు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి