సేంద్రియ సాగులో తోడు రైతులు: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గడిచిన ఏడాది మన సంఘం పనంతా దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగింది. రసాయన ఎరువులు మాని సేంద్రియ సాగులోకి వస్తున్న రైతుకి, ఆ దారిలో ముందే నడిచిన మరో రైతుని తోడు ఇవ్వడం. అందుకే మిగతా సంగతులు నాలుగు మాటల్లో ముగించేస్తాను.

మహాసభ, కార్యవర్గ సమావేశాలు నియమావళి ప్రకారం జరిగాయి. ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చుల పట్టిక జత చేశాం. రసీదులు చూడాలనుకునే వాళ్లు కోశాధికారిని అడగొచ్చు. డ్రమ్ములు, కలుపు తీసే వీడర్ల అద్దె బాకీలు ఇంకా కొన్ని రావాలి. ఎవరివో వాళ్లకే తెలుసు కాబట్టి పేర్లు రాయడం లేదు.

తోడు రైతులు ఎందుకు?

శిక్షణ తరగతులు విజయనగరం జిల్లాకి కొత్త కాదు. రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం నేర్పుతోంది. ఆ సంస్థ తరఫున రైతులకి నేర్పే ఐసీఆర్పీలు ఊళ్లకి వస్తూనే ఉన్నారు. గుర్ల, నెల్లిమర్ల వైపు ఎవరిని అడిగినా జీవామృతం లెక్క గడగడా చెప్పేస్తారు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. తెలియక మానేసినవాడు మాకు ఒక్కడూ కనబడలేదు. మానేసిన వాళ్లంతా భయపడి మానేసిన వాళ్లే.

ఆ భయం కూడా ఏడాది పొడుగునా ఉండేది కాదు. వరి నాటిన మూడు, నాలుగు వారాలకి పట్టుకుంటుంది. యూరియా చల్లిన పక్క మడి నల్లగా నిగనిగలాడుతుంటుంది. మనదేమో పాలిపోయి ఉంటుంది. గట్టు మీద పోయేవాడు ఊరుకుంటాడా? "ఏటి బావా, నీ చేనికి పచ్చకామెర్లొచ్చీసినాయా?" అంటాడు. ఆ రాత్రి ఇంట్లో గొడవ, తెల్లారేసరికి మడి గట్టున యూరియా బస్తా. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. అంత చవకైన ఎరువు వద్దని చెప్పాలంటే చెప్పేవాడికి గట్టి అనుభవం ఉండాలి. కరపత్రం ఆ పని చెయ్యలేదు.

అందుకని ఈ ఖరీఫ్‌లో పద్ధతి ఇలా పెట్టుకున్నాం. తోడు రైతు అదే ఊరివాడో, పక్క ఊరివాడో అయి ఉండాలి. పల్లం రైతుకి పల్లం రైతు, మెట్టకి మెట్ట. కొత్తగా వచ్చేవాళ్లు ఉన్న భూమంతా ఒకేసారి మార్చకుండా ఎకరమో, అరెకరమో పెట్టాలి. నాట్లయిన తరవాత ఆ టెన్షన్ వారాల్లో తోడు రైతు తప్పనిసరిగా పొలానికి రావాలి, ఫోన్లో సరిపెట్టకూడదు.

నెల్లిమర్ల వైపు మా తోడు రైతు ఒకామె ఏం చేసిందో చెప్తాను. పాలిపోయిన చేను చూసి దిగులుపడుతున్న కుర్రాడి మడిలోకి తనే దిగి, ఒక దుబ్బు పీకి నీళ్లలో జాడించింది. "పైకి సూడకు తమ్ముడూ, ఏరు సూడు. తెల్లగుంది కదా, పిలకెడతాది. పదిరోజులాగు" అంది. ఆ తరవాత వీడరు తిప్పించి, నీళ్లతో పాటు జీవామృతం పారించింది. చేను రంగు తిరిగింది, కుర్రాడు నిలబడ్డాడు. దిగుబడి పక్క మడి కన్నా కాస్త తక్కువే వచ్చిందని కూడా ఇక్కడే రాయాలి. మొదటి ఏడాది అలా ఉంటుందని ఆమె ముందే చెప్పి ఉంచింది కాబట్టి అతను కంగారుపడలేదు.

అన్ని చోట్లా ఇలా జరగలేదు. వరి రసం పీల్చే సుడిదోమ కనబడగానే ఒకాయన పురుగుమందు కొట్టేశారు. దుబ్బు మొదట్లో తట్టి దోమల్ని లెక్కపెట్టడం, మడిలో నీళ్లు తీసేసి ఆరగట్టడం, నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల బాట వదలడం ఆయనకి చెప్పినవే. దోమపోటు పేరు వింటే చెప్పినవన్నీ ఎగిరిపోతాయి. ఆయన పేరు తీసెయ్యాలని కార్యవర్గంలో గట్టి వాదనే జరిగింది. తియ్యలేదు. రసాయనాలు మానిన కాలం లెక్క ఆ మడికి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, ఆయన మాత్రం మనతోనే ఉంటారు.

మెట్టలో చోడి (రాగి) వేసిన వాళ్లకి ఇంత అవస్థ లేదు. గుళి పద్ధతిలో దూరదూరంగా నాటిన చోడికి ఘనజీవామృతం (ఎండబెట్టిన జీవామృతం) వేసి, గుంటక తోలితే చాలావరకు గడిచిపోయింది. తోడు రైతులు అక్కడికి వెళ్లి టీ తాగి వచ్చారని ఒక సభ్యుడు ఎగతాళి చేశారు. ఆ మాట నిజానికి మరీ దూరమైనదేమీ కాదు.

నీళ్లు, సర్టిఫికెట్టు, ధర

పల్లంలో నీళ్లు మడి నుంచి మడికి పారతాయి. పై మడివాడు వేసిన యూరియా, కొట్టిన మందు మన మడిలోకే దిగుతుంది. విడిగా బోదె తీసుకోవడం, గట్టున కంది వెయ్యడం కొంతవరకు పనికొచ్చాయి. అంతకన్నా పనికొచ్చింది, తోడు రైతు వెళ్లి పై మడి రైతుతో మాట్లాడటం. మందు కొట్టే ముందు రోజు కబురు చెప్తే తూము కట్టేసుకుంటామని ఒప్పందం చేసుకున్నారు.

రైతులే ఒకరికొకరు పూచీ పడి సేంద్రియ సర్టిఫికెట్టు తెచ్చుకునే పీజీఎస్ పద్ధతిలో కనీసం అయిదుగురు రైతులు జట్టుగా ఉండి ఒకరి పొలం ఒకరు తనిఖీ చెయ్యాలి. తోడు రైతే తనిఖీదారు కూడా అయితే మొహమాటం వస్తుంది. అందుకని తనిఖీలకి ఊళ్లు మార్చాం. కొందరికి ఇది నచ్చలేదు, నమ్మకం లేదా అన్నారు. సర్టిఫికెట్టు మీద కొనేవాడికి నమ్మకం కుదరాలంటే ఈమాత్రం కష్టం తప్పదని నా అభిప్రాయం.

ధర విషయంలో సభ్యుల కోపం న్యాయమైనదే. మారే కాలంలో వచ్చేది పీజీఎస్ గ్రీన్ సర్టిఫికెట్టు మాత్రమే, ఆ పేరు మీద ఎక్కువ ధర ఇచ్చే వ్యాపారి అరుదు. చాలామంది ధాన్యం మామూలు ధాన్యంతో కలిపి మద్దతు ధరకే వెళ్లింది. 2024–25కి సాధారణ రకం క్వింటాలు 2,300 రూపాయలు, గ్రేడ్ ఏ 2,320. ఖర్చు తగ్గింది గాని అది యూరియా మానడం వల్ల కాదు. డీఏపీ బస్తా 1,350 రూపాయలు, పురుగుమందులు ఆపైన. మిగిలింది అక్కడే. అందులో కొంత పేడ మోసిన కూలికి పోయింది.

కౌలు రైతుల మాట ఇంకా తేలలేదు. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే. నేల కుదుటపడటానికి మూడేళ్లు పడుతుంటే, వచ్చే ఏడాది ఆ భూమి చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు ఏ ధైర్యంతో దిగుతాడు? ఇద్దరు భూయజమానులు మూడేళ్ల మాట ఇచ్చారు. ఇంకొందరిని ఒప్పించాలి.

ఈ మహాసభలో తేల్చాల్సినవి

తోడు రైతులకి పెట్రోలు ఖర్చయినా ఇవ్వాలా అన్నది మొదటిది. ఇవ్వాలనే కార్యవర్గం అనుకుంటోంది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ప్రకృతి సాగు మిషన్‌లో రైతులకి సాగు నేర్పే ఊరి ఆడవాళ్లు, అంటే కృషి సఖులున్నారు, మన ఆడ తోడు రైతుల పేర్లు దానికి పంపే వీలుందేమో అధికారులతో మాట్లాడతాం.

రెండోది పశువులు. తొలకరికి ముందు నేల బలం కోసం నవధాన్యాలు చల్లుదామంటే, కోతలయ్యాక ఊళ్లో పశువుల్ని వదిలేస్తారు. మొలకెత్తింది మొలకెత్తినట్టే మేసేస్తున్నాయి. ఇది సంఘం ఒక్కటే తేల్చేది కాదు, ఊరి పెద్దల్ని, పశువుల కాపర్లని మహాసభకి పిలిచాం.

వచ్చే ఖరీఫ్‌కి తోడు రైతుగా ఉండదలచిన వాళ్లు పల్లమా, మెట్టా అన్నది కూడా రాసి మహాసభ రోజున కార్యదర్శికి పేరు ఇవ్వాలి. అద్దె బాకీలున్నవాళ్లు అదే రోజు కట్టేస్తే మరీ మంచిది.

— కార్యదర్శి