ఆ నిమ్మచెట్టుకు నీళ్లు ఆపెయ్యి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. వానలు వెలిశాక నిమ్మచెట్టు వాడిపోతోందని, పూటకో బిందె పోస్తున్నా తేరుకోవడం లేదని రాశావు. మిగతా కబుర్లన్నీ తర్వాత. ముందు ఆ బిందె పక్కన పెట్టు. నీ చెట్టుకు దాహం వెయ్యడం లేదు, ఊపిరాడడం లేదు.

నువ్వు పొరబడ్డావని అనను. నీళ్లు చాలకపోయినా, ఎక్కువైనా ఆకులు ఒకేలా వాలిపోతాయి. నేనూ ఇలాగే ఒక మొక్కకు పోసీ పోసీ చేతులారా చంపుకున్నాను. ఆ బాధ నీకు వద్దనే ఇంత తొందరగా రాస్తున్నాను. మట్టి సందుల్లో ఉండే గాలిని వేళ్లు పీల్చుకుంటాయి. ఆ సందుల్లో నీళ్లు నిండితే ప్రాణవాయువు లోపలికి చేరదు. గాలిలో కంటే నీటిలో దాని కదలిక సుమారు 10,000 రెట్లు నెమ్మది. ఊపిరాడని వేరు నీటిని పైకి పంపలేదు. కాళ్ల కింద మడుగున్నా ఆకు ఎండుతుంది. ఆకుల్లో నడి ఈనె పసుపుబారిందని రాశావు చూడు, నాకు అక్కడే గుండె జారింది. నిమ్మజాతిలో వేళ్లు దెబ్బతింటే కనిపించే గుర్తుల్లో అదొకటి.

రేపు పొద్దున్నే మొదలుకు జానెడు దూరంలో చేత్తోనే కాస్త మట్టి తియ్యి. వాసన చూడు. మురిగిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడడం లేదన్నమాటే. ఒక సన్న వేరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగు. మంచి వేరైతే తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినదైతే పై తొక్క ఒరలా ఊడి నీ చేతికొస్తుంది, లోపల దారప్పోగు ఒక్కటే మిగులుతుంది. తెల్లవేళ్లు కొన్ని కనిపించినా చాలు, చెట్టును దక్కించుకోవచ్చు.

నీది బంకమట్టి కదా, అందులో తవ్విన గుంత కుండలాంటిది. వచ్చిన నీరు పోయే దారుండదు. పక్కనే అడుగున్నర లోతు గుంత తవ్వి నీళ్లు నింపు. మర్నాటికీ నిలిచే ఉంటే ఆ చోట చెట్టును కిందనే ఉంచి లాభం లేదు. ఎగువ నుంచి వచ్చే నీటిని కాలువ తీసి మళ్లించు. నేల కాస్త ఆరాక, చల్లని పూట, వేళ్లు చెదరకుండా మట్టిగడ్డతో సహా లేపి, అడుగెత్తు దిబ్బ వేసి దాని మీద నాటు. దిబ్బ వెడల్పుగా ఉండాలి, లేకపోతే వానకు కరిగిపోతుంది. అంటు కట్టిన చోటు, వేళ్లు విచ్చుకునే చోటు రెండూ మట్టి పైనే కనబడాలి. తడినేలను తొక్కకు, ఇంకా గట్టిపడుతుంది. చెక్కపలక వేసుకుని దాని మీద నిలబడు.

గుంత అడుగున కంకర వేయమని ఎవరైనా చెబితే వినకు. పై మట్టి పూర్తిగా నానేదాకా నీరు కంకరలోకి దిగదు, వేళ్ల దగ్గరే నిలుస్తుంది. కొత్త చిగుళ్లు వచ్చేదాకా ఎరువు కూడా వద్దు.

ఇకమీదట రెండంగుళాల లోతుకు వేలు దింపి చూశాకే నీళ్లు. తడి తగిలితే ఆ రోజుకు మానెయ్యి. ఈ ఉత్తరం చెల్లెమ్మకూ చదివి వినిపించు, నువ్వు లేని పూట జాలిపడి చెంబెడు పోస్తోందని నువ్వే రాశావు. వేళ్లు ఏ రంగులో ఉన్నాయో చూసిన వెంటనే రాయి.

నీ మిత్రుడు