ఫ్లోరిడా విద్యా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2023 జులైలో మీ రాష్ట్ర విద్యా బోర్డు ఆమోదించిన నల్లజాతి చరిత్ర పాఠ్య ప్రమాణాల్లో, బానిసలు నేర్చుకున్న పనులు కొన్నిసార్లు వాళ్లకే ఉపయోగపడ్డాయన్న మాట ఉంది. కమ్మరం నేర్చుకుని ఉండొచ్చు. కూలి డబ్బు ఎవరి జేబులోకి వెళ్లింది? ఆ కమ్మరి పిల్లల్ని అమ్ముకునే హక్కు ఎవరికి ఉండేది? బానిసత్వపు క్రూరత్వం గురించీ పాఠాలున్నాయని మీవాళ్లంటున్నారు. ఉన్నాయి, కాదనను.

కానీ 1920లో మీ రాష్ట్రంలోని ఓకోయీ ఊళ్లో నల్లజాతివాళ్లు ఓటేయబోతే ఊచకోత కోశారు. దాన్ని ఆ ప్రమాణాల్లో నల్లజాతివాళ్ల 'మీదా, వాళ్ల చేతా' జరిగిన హింసల పద్దులో వేశారేమిటండీ?

మా తెలుగువాళ్లకెందుకీ గొడవ అనకండి. పౌరహక్కుల ఉద్యమ కాలంలోనే, 1965 వలస చట్టంతో మాకు అమెరికా తలుపులు తెరుచుకున్నాయి. మా పిల్లలూ మీ బడుల్లోనే చదువుతున్నారు. ఆ రెండు మాటలూ మార్చండి.

ఇట్లు,
ఒక తెలుగు తల్లి