ఎత్తు కాలర్ చోంగ్‌సామ్‌లు: జరిగిన పొరపాటు, దిద్దుబాటు

హాంకాంగ్‌లోని మా చిన్న కుట్టు దుకాణంలో చోంగ్‌సామ్‌లు (నిలువు కాలర్‌తో ఒంటికి హత్తుకునే చైనా గౌన్లు) కుట్టించుకున్న మీకందరికీ, ముఖ్యంగా ‘ఇన్ ది మూడ్ ఫర్ లవ్’ చిత్రంలో నటి మ్యాగీ చ్యుంగ్ ధరించినటువంటివి కావాలని కోరినవారికి, ఒక విషయం దాపరికం లేకుండా చెప్పవలసి ఉంది. చైనా కొత్త సంవత్సరానికి ముందు మేము పంపిన వాటిలో 14 చోంగ్‌సామ్‌ల కాలర్లు సరిగా కుదరలేదు. తప్పు పూర్తిగా మాదే.

2000లో వచ్చిన ఆ చిత్రంలో కథ 1962 నాటి హాంకాంగ్‌లో మొదలవుతుంది. దుస్తులను రూపొందించిన విలియం చాంగ్ నాయిక మెడను దాదాపు గడ్డం దాకా కప్పే కాలర్ పెట్టారు. నూడుల్స్ డబ్బా పట్టుకుని ఇరుకు మెట్లు దిగే ఆమె నడకలోని నిటారుతనంలో సగం ఆ కాలర్ ఇచ్చినదేనని నా అభిప్రాయం. మీరూ అదే ఎత్తు అడిగారు. మీలో చాలామంది రవిక కొలతలు పంపారు. రవికకు మెడ దిగుడు ఎంతో చూస్తాం గాని, మెడ పొడవుతో పని ఉండదు. ఆ ఒక్క కొలత కోసం మళ్లీ మిమ్మల్ని అడగవలసింది పోయి, అందరికీ ఒకే అచ్చుతో 7 సెంటీమీటర్ల కాలర్ కత్తిరించాం.

రెండో పొరపాటు నా తొందరపాటు వల్ల జరిగింది. కాలర్ లోపల గంజి పెట్టిన నూలు గుడ్డే వేయాలని, ఇస్త్రీతో అంటించే బక్రం (గట్టి లోగుడ్డ) వద్దని మా దుకాణంలో కుట్టే దర్జీ మాస్టారు మొదటే చెప్పారు. పండుగ లోపు అందించాలని నేనే పట్టుబట్టి బక్రం వేయించాను. ఒక కస్టమర్ తిరిగి పంపిన ఆకుపచ్చ పూల చోంగ్‌సామ్ ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. ఉక్కపోతలో రెండు పూటలు ధరించేసరికి కాలర్ మీద పట్టు పొంగి బుడగలు కట్టింది, గడ్డం ఒరుసుకున్న చోట పైపింగ్ (అంచున కుట్టే సన్నని పట్టీ) నూలు పైకి లేచింది. దానిని చూసినప్పుడల్లా మాస్టారి మాట వినవలసిందని బాధ కలుగుతుంది.

మా మాస్టారు పని నేర్చుకున్నది షాంఘై నుంచి వచ్చిన దర్జీ దగ్గర. 1949 ప్రాంతంలో షాంఘై దర్జీలు ఎందరో హాంకాంగ్ చేరడంతో, 1950, 60 దశకాలలో ఈ దుస్తు ఇక్కడ ఇంటింటా కనిపించేది. తరువాత పాశ్చాత్య రెడీమేడ్ దుస్తుల ముందు అది వెనుకబడింది. హాంకాంగ్ చోంగ్‌సామ్ తయారీ పద్ధతిని 2021లో చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ పద్ధతిలో పట్టు అంచులకు గోధుమ పిండి జిగురు పలుచగా రాసి, ఆరనిచ్చి, ఇస్త్రీ చేసిన తరువాతే కుట్టు మొదలవుతుంది. పైపింగ్ గుడ్డకు కూడా వెనుక జిగురు పట్టించి, క్రాస్‌గా, అంటే ఐమూలగా, సన్నని పట్టీలు తీస్తారు, అందువల్లనే అది మెడ వంపులో ముడత పడకుండా తిరుగుతుంది. పూల గుండీలకైతే పట్టీ లోపల సన్నని రాగి తీగ పెట్టి, వేళ్లతో రేకులు మలచాలి. ఒక జత గుండీలకే మాస్టారికి ఒక పూటంతా పడుతుంది. ఇందులో తొందరపెట్టదగినది ఒక్కటీ లేదు.

ఆ 14 మందికి రెండు మార్గాలు ఉంచుతున్నాం. డబ్బు పూర్తిగా వాపసు తీసుకోవచ్చు, లేదా మేము కాలర్ విప్పి, మీ మెడకు తగినట్లు గంజి గుడ్డతో కొత్తది కుట్టి ఇస్తాం. రెండు వైపులా పంపే ఖర్చు మాదే. కొత్త కాలర్ కోరేవారు మెడ మొదట్లో చుట్టుకొలత, మధ్యలో చుట్టుకొలత, గడ్డం కింద నుంచి గొంతు గుంట వరకు పొడవు పంపండి. తల నిటారుగా పెట్టి, టేపు లోపల ఒక వేలు దూరేటంత వదులు ఉంచి కొలవాలి. మెడ పొట్టిగా ఉంటే 5 సెంటీమీటర్ల ఎత్తు చాలునని నేను గట్టిగా చెబుతాను. సినిమాలోని ఎత్తు కన్నా మీ మెడకు నప్పే ఎత్తే అందంగా ఉంటుంది.

ఇకపై నెలకు ఆరు చోంగ్‌సామ్‌లకు మించి ఒప్పుకోము. కుట్టుకూలి 600 హాంకాంగ్ డాలర్లు పెరుగుతుంది, ఆ మొత్తం మాస్టారికే వెళుతుంది. ఇప్పటికే బయానా ఇచ్చినవారికి పాత ధరే వర్తిస్తుంది, కాని మీ చోంగ్‌సామ్ చేతికి రావడానికి అనుకున్నదానికన్నా ఐదు వారాలు ఎక్కువ పడుతుంది. అంతకాలం ఆగలేనివారు తెలియజేస్తే బయానా అదే రోజు తిరిగి పంపుతాను.