పేరడగని ఆ మందుల షాపు చెల్లెమ్మకు

ఇంతకుముందు స్ట్రోకు (పక్షవాతం) వచ్చిన నాన్న, ఈసారి ఆసుపత్రి నుంచి నిన్న ఇంటికొచ్చారు. కళ్ళు మూతలు పడుతున్నా ఇది రాయకుండా పడుకోలేను.

చెల్లెమ్మా, ఖాళీ స్ట్రిప్పు చూసి ఇంకోటి ఇచ్చి పంపేయొచ్చు నువ్వు. "అన్నా, ఇది 60,000 యూనిట్ల విటమిన్ డి, వారానికొకటి. నాలుగింటి స్ట్రిప్పు నెలకొస్తుంది. రోజూ వేస్తున్నారా?" అని అడిగావు. రోజూ వేశాం. ఎనిమిది వారాలకు ఎనిమిది వేయాల్సింది, 60 రోజుల్లో 60. మొత్తం 36 లక్షల యూనిట్లు.

వాంతులు, మలబద్ధకం, తీరని దాహం, మాట తికమక అని చెప్పగానే కౌంటర్ దాటి వచ్చి బిల్లు వెనక రాసిచ్చావు: ఇది మళ్ళీ స్ట్రోకూ కావచ్చు, కాల్షియం పెరగడమూ కావచ్చు, ఇంట్లో తేల్చుకోకండి, వెంటనే 108. స్ట్రోకైతే, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలయ్యాక నాలుగున్నర గంటలే గడువు. సీటీ స్కాన్‌తో పాటు రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) చూడమని అడగండి. ఆ కాగితం దాచుకున్నాను. స్కాన్‌లో కొత్త దెబ్బ లేదు, కాల్షియం 14.2. మామూలుగా 10.5 దాటకూడదు. కాల్షియం బిళ్ళలు, బీపీ మందులోని హైడ్రోక్లోరోథయాజైడ్ దాన్ని ఇంకా పెంచాయట. డితో పాటు ఆ రెండూ ఆపి సెలైన్ పెట్టారు. డి కొవ్వులో నిల్వ ఉంటుంది కాబట్టి నెలల తరబడి పరీక్షలు తప్పవు.

డి తక్కువైతే పక్షవాతమని భయపెట్టేవాళ్ళకో మాట. స్ట్రోకు వచ్చినవాళ్ళలో డి తక్కువగా కనిపించడం నిజమే. కానీ ముసలితనం, ఎండ తగలకపోవడం, కిడ్నీ జబ్బు కూడా దాన్ని తగ్గిస్తాయి. అమెరికాలో 25,871 మందితో జరిగిన వైటల్ అనే పరిశోధనలో సగం మందికి ఐదేళ్ళకు పైగా రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చినా స్ట్రోకులు తగ్గలేదు. లోపముంటే ఎముకల కోసం వేసుకోవాలి. స్ట్రోకును ఆపేది బీపీ, షుగరు అదుపు, డాక్టరిచ్చిన రక్తం పలచబడే మందు, కొలెస్ట్రాల్ మందు, పొగ మానడం.

స్ట్రోకప్పటి డిశ్చార్జి కాగితం మీద గొలుసు రాత, అదీ ఇంగ్లీషులో. "ఆదివారం మాత్రమే" అని తెలుగులో రెండు మాటలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? చీటీ అడక్కుండా పదిహేను స్ట్రిప్పులు అమ్మిన మొదటి షాపునేమనాలి?

తోడుగా అమ్మ, తమ్ముడు, మా ఆవిడ ఎలాగూ ఉన్నారు.

అయ్యో, అర్ధరాత్రి రిపోర్టు తెచ్చిచ్చిన ల్యాబ్ తమ్ముణ్ణి మరిచేపోయాను! వీల్‌చెయిర్ తోసిన వాచ్‌మన్ తాత, డబ్బులు వద్దన్న ఆటో అన్న, మీకూ దండాలు.